ఫిజికల్ గ్రఫీటి: రెండో సీడీలో నాలుగో పాట

ఇరవై ఏళ్ళ నుంచి వింటున్న ఆల్బమ్ మీద ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఇందులో ఒక పాటని నేను మొదటి పదకొండేళ్ళు సగమే విన్నాను, ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ వాళ్ళ ఫిజికల్ గ్రఫీటి, 1975. బ్యాండ్ ఎవరు, ఎంత గొప్పవాళ్ళు, అవన్నీ తెలిసినవే, వదిలేస్తున్నా.

2004లో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండగా కొన్నా, సెకండ్ హ్యాండ్ డబుల్ సీడీ, కానీ రెండు డిస్కులూ అద్దంలా ఉన్నాయి. కొన్నది కష్మీర్ పాట కోసమే. సెలవులకి ఇంటికి తీసుకెళ్ళి పెద్ద సౌండ్ పెట్టి వింటుంటే మా బాబాయి వచ్చి కూర్చున్నాడు. ఆయన చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు, ఇంగ్లీషు పాటలంటే అస్సలు పడదు. ఏమీ మాట్లాడకుండా తొడ మీద తాళం వేస్తున్నాడు, రెండు నిమిషాలు వేసి ఆపి, మళ్ళీ మొదటినుంచి పెట్టమని, ఈసారి ఎడం చేత్తో ఒకటి కుడి చేత్తో ఒకటి వేసి, "ఒరేయ్, వీడు నాలుగు కొడుతున్నాడు, ఆ గిటారు వాడు మూడు లెక్కేస్తున్నాడు, పన్నెండు దగ్గర కలుస్తున్నార్రా" అన్నాడు. నేను అప్పటికి వందసార్లు విని ఉంటాను, నాకు ఆ విషయం తట్టనే లేదు. బోనమ్ డ్రమ్స్ చతురశ్రంలో, అంటే నాలుగేసి లెక్కన, కదలకుండా నడుస్తుంటే దాని మీద రిఫ్, అంటే గిటారు మళ్ళీ మళ్ళీ వాయించే ఆ ముక్క, మూడేసి చొప్పున ఎక్కుతూ ఉంటుంది, అందుకే ఆ పాట ఎప్పటికీ ఎక్కడికో వెళ్తూనే ఉన్నట్టుంటుంది. పాడిన ప్లాంట్ ఆ మాటలు రాసింది కశ్మీర్ చూసి కాదు, మొరాకో దక్షిణాన ఎడారిలో కారులో పోతూ రాసుకున్నాడు, ఆ దారి కూడా అట్లాగే తెగకుండా ఉండుంటుంది.

సరే, అసలు విషయానికి వస్తా. హాస్టల్లో పక్క రూమ్ అబ్బాయి వారం రోజులు అడిగి అడిగి సీడీ తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి రెండో డిస్క్ వెనకాల గీత. అడ్డంగా పడ్డ గీతయితే ప్లేయర్ ఎట్లాగో దాటేస్తుంది, ఇది ట్రాక్ వెంబడి గుండ్రంగా పడింది, అరంగుళం ఉంటుందేమో, సరిగ్గా నడుమన. మొదటి మూడు పాటలు బాగానే వచ్చాయి, నాలుగోది టెన్ ఇయర్స్ గాన్, అది మొదలైన కాసేపటికే టకటకటక అని అక్కడే కొట్టుకోవడం మొదలెట్టింది. ఎంత కోపం వచ్చిందంటే ఆ అబ్బాయితో నెల రోజులు మాట్లాడలేదు. అప్పట్లో అందరూ చెప్పే చిట్కా పేస్టు, జెల్ కాదు తెల్ల పేస్టు, మెత్తటి పాత బనీను గుడ్డ తడిపి, లోపల్నుంచి బయటికి నిలువుగా రుద్దాలి, గుండ్రంగా రుద్దితే ఇంకా పాడవుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని రుద్దా. దానివల్ల ఇంకొంచెం ముందుకెళ్ళింది, గిటారు సోలో వచ్చే చోటి దాకా పాడి అక్కడ ఆగేది. కంప్యూటర్లో వేస్తే డ్రైవ్ గుర్రుమని తిరిగి తిరిగి హ్యాంగ్ అయ్యేది.

ఎంపీత్రీ దొరక్క కాదు. కానీ ఏం పోగొట్టుకుంటున్నామో తెలిస్తే కదా వెతకడానికి. నేను విన్నంతవరకు అది నిదానంగా సాగే ఒక మంచి పాట, అంతే. డిస్క్ ఆగగానే నెక్స్ట్ నొక్కడం అలవాటైపోయింది. తర్వాత ఉద్యోగం వచ్చి అన్నీ ఫోన్లోకి ఎక్కించుకున్నప్పుడు కూడా ఆ డిస్క్ నుంచి తీసిన ఫైళ్ళే, ఆ పాట ఎలాగూ రాదని లిస్టులోంచి తీసేశాను.

2015 ఫిబ్రవరిలో, ఆల్బమ్ వచ్చి నలభై ఏళ్ళయిన సందర్భంగా, బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ దగ్గరుండి చేయించిన రీమాస్టర్, అంటే పాత రికార్డింగుకే సౌండ్ మళ్ళీ శుభ్రం చేసిన కాపీ, వచ్చింది. కొన్నాను. రాత్రి షిఫ్ట్ అయ్యాక కంపెనీ బస్సు, లోపల లైట్లు ఆర్పేసి అందరూ నిద్రపోతున్నారు, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండో డిస్క్ పాటలు మొదటినుంచి పెట్టాను. టెన్ ఇయర్స్ గాన్ వచ్చింది, నాకు తెలిసినంతా వచ్చింది, ఆ ఆగిపోయే చోటు వచ్చింది, ఆగలేదు. సోలో మొదలైంది. అది వేగం చూపించే సోలో కాదు, ఎవరో చాలాసేపు ఆలోచించి ఒక్కో మాట చెప్పినట్టు ఉంటుంది. దాని తర్వాత పేజ్ గిటార్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతాడు, పదికి పైనే గిటార్లు విడివిడిగా రికార్డ్ చేసి కలిపాడంటారు, కానీ ఎక్కడా గోల అనిపించదు, ఒక్కో గిటారు ఇంకోదానికి జాగా ఇచ్చి పక్కకి జరిగినట్టు ఉంటుంది. ప్లాంట్ గొంతు అప్పుడు పైకి లేస్తుంది, ఆ పాటలో మొదటిసారి గట్టిగా అడుగుతాడు. నేను సగంలో వదిలేసింది సరిగ్గా ఈ భాగాన్ని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడానికేం లేదు. స్టాప్ వచ్చినా దిగలేదు, డ్రైవర్ అన్న పిలిస్తే లేచాను.

పేజ్ దీన్ని మాటలు లేని పాటగానే అనుకున్నాడట, తర్వాత ప్లాంట్ మాటలు రాశాడు, నేనా నీ పాటలా తేల్చుకో అని పదేళ్ళ కిందట అడిగిన ఒక అమ్మాయి గురించి. స్టేజీ మీద ఆ గిటార్లన్నీ ఎట్లా వాయించాలన్నది పెద్ద చిక్కు, 1977 టూర్‌లో బ్యాండ్‌లో బేస్ వాయించే జాన్ పాల్ జోన్స్ మూడు మెడలున్న గిటారు లాంటి వాయిద్యం చేయించుకుని మరీ వాయించాడు, మ్యాండొలిన్‌తో సహా.

ఈ పాట ఒక్కటే అని కాదు, రెండు రికార్డులు, నాలుగు సైడ్‌లు ఉన్న పాత ఎల్పీలో మూడో సైడ్ మొత్తం అట్లాగే ఉంటుంది. ఇన్ ది లైట్ మొదలవ్వడం కచేరీ ముందు శ్రుతి పెట్టినట్టు నిదానంగా ఒకే నాదం మీద నిలబడుతుంది, ఆ వెంటనే రెండు నిమిషాల ఒంటరి ఎకౌస్టిక్ గిటారు, బ్రాన్ యర్ ఆర్, తర్వాత సముద్రం ఒడ్డున కూర్చుని పాడినట్టు డౌన్ బై ది సీసైడ్, ఆఖర్న ఇది. నాలుగూ నాలుగు రకాలు, కానీ పక్కపక్కన పెడితే ఒకే రోజు గడిచినట్టుంటుంది.

ఇంత రకరకాలుగా ఉండడానికి కారణం సింపుల్. 1974లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో కొత్తగా ఎనిమిది పాటలు రికార్డ్ చేశారు, అవి ఒక ఎల్పీకి ఎక్కువయ్యాయి, రెండింటికి చాలలేదు. అందుకని అంతకుముందు మూడు ఆల్బమ్‌ల టైంలో మిగిలిపోయిన ఏడు పాటలు బయటికి తీసి కలిపారు. హౌసెస్ ఆఫ్ ది హోలీ అనే పాట ఆ పేరున్న ఆల్బమ్‌లో లేకుండా ఇందులో ఉండడానికి కారణం అదే. బ్లాక్ కంట్రీ ఉమన్ ఆరుబయట తోటలో రికార్డ్ చేస్తుంటే పైన విమానం పోతుంది, తీసేయాలా అంటే ప్లాంట్ ఉండనీ అంటాడు, అది కూడా వినిపిస్తుంది. నాకు ఇది చాలా ఇష్టం, ఆ నలుగురూ పక్క గదిలో ఉన్నట్టుంటుంది.

హాస్టల్ రోజుల్లో ఇందులో ఒక్క పాట కూడా తీసేయడానికి లేదని వాదించేవాణ్ణి. ఇప్పుడు నాలుగో సైడ్‌లో బూగీ విత్ స్టూ వస్తే దాటేస్తున్నాను, సరదాగా వాయించుకున్న జామ్, అంతకన్నా ఏమీ కాదు. ఇన్ మై టైమ్ ఆఫ్ డయింగ్ పదకొండు నిమిషాలు, డ్రమ్స్ అద్భుతం, కానీ పొద్దున పూట నా వల్ల కాదు. కష్మీర్ కూడా నిజం చెప్పాలంటే ఏడాదికి రెండుమూడు సార్లే పెడుతున్నా, రింగ్‌టోన్‌గా పెట్టుకోవడం నేను చేసిన తప్పు. బాబాయి ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం తప్పకుండా.

ఆల్బమ్ అట్ట మీద బొమ్మ గురించి ఒక మాట. న్యూయార్క్‌లో సెయింట్ మార్క్స్ ప్లేస్‌లో 96, 98 నంబర్ల బిల్డింగులు అవి, అట్ట చదరంగా సరిపోవడానికి ఒక అంతస్తు తీసేశారు. ఎల్పీలో కిటికీలు నిజంగానే కోసి ఉంటాయి, లోపలి కవరు మార్చి పెడితే కిటికీల్లో మనుషులు మారతారు. సీడీ వాళ్ళకి ఆ ముచ్చట చిన్న సైజులోనే.

కొనమంటారా అంటే, నాకు రాత్రి బస్సులో రెండు గంటలు దొరికేది కాబట్టి ఎనభై రెండు నిమిషాల ఆల్బమ్ కుదిరింది. షఫుల్‌లో వినేవాళ్ళకి ఇది చిందరవందరగా అనిపిస్తుందేమో, ఆ మాట అన్న ఫ్రెండ్స్ ఉన్నారు నాకు. ఇంట్లో చిన్న పిల్లలుండి అరగంట కూడా తీరిక దొరకని వాళ్ళయితే ముందు ఇన్ ది లైట్ నుంచి టెన్ ఇయర్స్ గాన్ దాకా నాలుగు పాటలు వరసగా వినండి, ఆ తర్వాత మిగతాది చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ సీడీ కొంటుంటే మాత్రం రెండో డిస్క్ వెనక్కి తిప్పి, వెలుగులో పెట్టి, నడిమి భాగం ఒకసారి చూసి తీసుకోండి.