రమల్లాలో అరాఫత్ మ్యూజియం: పాత భవనం కోసమైనా వెళ్ళండి

ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా చేసే మనవాళ్ళు సెలవు దొరికితే బెత్లెహేం పోతారు, గలిలయ సముద్రం పోతారు. పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ మ్యూజియం ఉన్న రమల్లా, అంటే వెస్ట్‌బ్యాంకులోని పాలస్తీనా ఊరు, అంటే మాత్రం టెన్షన్. నేను 2019లో, అంటే 2023 అక్టోబరులో మొదలైన గాజా యుద్ధానికి ముందు వెళ్ళాను. జెరూసలేంలో డమాస్కస్ గేటు దగ్గర 218 నంబరు బస్సు ఎక్కితే కలందియా అనే ఇజ్రాయెల్ చెక్‌పోస్టు దాటి రమల్లాలో దింపింది. నేను చూసుకునే పెద్దాయన “ఆ హంతకుడి ఇంటికా?” అన్నాడు. ఆయన రావాలన్నా కుదరదు. ఇజ్రాయెల్ పౌరులు లోపలికి పోకూడదని దారిలో ఎర్ర బోర్డు పెట్టి ఉంటుంది.

మ్యూజియం 2016 నవంబరులో తెరిచారు, ముకాతా అనే పాలస్తీనా ప్రభుత్వ ఆవరణలోనే. శుభ్రంగా ఉంది, అప్పట్లో టికెట్ చాలా చవక. ఏటవాలు దారిలో పైకి నడుస్తూ గోడల మీద చరిత్ర చదువుకోవాలి, అరబిక్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ. 1929లో కైరోలో పుట్టడం, కువైట్‌లో ఇంజనీరు ఉద్యోగం, ఫతా అనే పోరాట సంస్థ పెట్టడం, 1969లో పీఎల్‌ఓ (పాలస్తీనా విమోచన సంస్థ) అధ్యక్షుడు కావడం, జోర్డాన్ నుంచి బీరూట్‌కు, 1982లో అక్కడి నుంచీ ట్యునీషియాకు వెళ్ళగొట్టబడడం. అక్షరాలు ఎక్కువ, కాళ్ళు నొప్పి పుడతాయి. నల్ల కళ్ళద్దాలు, 1994 నోబెల్ పతకం దగ్గర జనం ఆగుతారు. నా మట్టుకు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫతాతో సంబంధం ఉన్న బ్లాక్ సెప్టెంబర్ ముఠా దాడిలో చనిపోయిన 11 మంది ఇజ్రాయెలీ క్రీడాకారులు, కోచ్‌ల గురించి ముందే చదువుకుని వెళ్ళడం మంచిది. ఇది ఆయన పేరు మీద ఆయన మనుషులు కట్టుకున్న మ్యూజియం, ఆ సంగతి మరిచిపోకూడదు. మా నాన్న తరానికైతే ఆయన ఇందిరాగాంధీని సోదరి అని పిలిచిన మనిషి. 1984లో ఆమె అంత్యక్రియలకు వచ్చి ఏడ్చాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

అసలు చూడాల్సింది చివర్లో ఉంది. వంతెన లాంటి దారి దాటి పాత భవనంలోకి వెళ్తాం. 2002లో ఇజ్రాయెల్ ట్యాంకులు చుట్టుముట్టినప్పుడు ఆయన ఉన్న గదులివి. కిటికీలకు ఇసుక బస్తాలు, కాపలావాళ్ళ మంచాలు. ఆయన పడుకున్న గది మా కేర్‌గివర్ల గదుల్లాగే ఉంది: ఇరుకు మంచం, ఒక బీరువా, అందులో యూనిఫాంలు. దేశాధినేతలను కలిసే మనిషికి ఇదా అనిపించింది. 2004 అక్టోబరు చివర్లో జబ్బుతో ఇక్కడి నుంచే హెలికాప్టర్‌లో తీసుకెళ్ళారు. నవంబరు 11న పారిస్ దగ్గరి సైనిక ఆసుపత్రిలో పోయాడు.

విషం పెట్టారా అన్నదానికి మాత్రం ఎక్కడా తేలిన జవాబు లేదు. 2012లో సమాధి తవ్వి నమూనాలు తీశారు. స్విస్ నిపుణులు పొలోనియం అనే రేడియోధార్మిక విషం మోతాదు మామూలుకంటే బాగా ఎక్కువ ఉందన్నారు, ఫ్రెంచ్, రష్యన్ నిపుణులు విషం కాదన్నారు. 2015లో ఫ్రాన్స్ కేసు మూసేసింది. మ్యూజియంలో నా పక్కన నిలబడ్డ పిల్లాడికి అలాంటి సందేహమేమీ లేదు. చంపేశారు అన్నాడు, అంతే.

బయట సమాధి రాతితో, గాజుతో కట్టారు, మూడు వైపులా నీళ్ళు. ఎప్పటికైనా జెరూసలేంకు మార్చాలన్నది వాళ్ళ కోరిక. సమాధి చూడ్డానికి పదినిమిషాలు చాలు, పాత భవనానికి గంట ఉంచుకోండి.

పోయేటప్పుడు బస్సును ఎవరూ ఆపలేదు. వచ్చేటప్పుడే కలందియాలో దిగి వరుసలో నిలబడాలి. పాస్‌పోర్టు, వీసా కాగితం రెండూ చేతిలో ఉంచుకోండి, సాయంత్రం రద్దీ మొదలయ్యేలోపు బయల్దేరండి.