సోలార్ ఇన్వర్టర్ వైఫై స్టిక్: ఏడాది వాడేక నా గోల

మాది శ్రీకాకుళం, అరసవల్లి వెళ్లే రోడ్డులో ఇల్లు. సూర్యనారాయణస్వామి గుడికి ఇంత దగ్గర్లో ఉండి కరెంటు బిల్లు కట్టడమేటిరా అని మా నాన్న అంటా ఉంటే పోయినేడు మేడ మీద 3 కిలోవాట్లు పెట్టించేం. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి సబ్సిడీ 78,000, అది పడింది, నెట్ మీటరూ వచ్చింది, ఆ కథ వేరే. ఇక్కడ రాసేది ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ కింద గుచ్చే వేలెడంత వైఫై స్టిక్ గురించి, దాంతో ఇచ్చే యాప్ గురించి. కంపెనీ పేరు రాయట్లేదు, అడక్కండి.

ముందు బాగున్నది చెప్తా. పెట్టడం ఈజీ, పది నిమిషాల పని. కాకపోతే ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది, మా రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరూ 2.4 పేరూ ఒకటే పెట్టి ఉంచేం, దాంతో ఫిటింగ్‌కి వచ్చిన కుర్రాడు అరగంట మెట్లెక్కి దిగేడు. తర్వాత ఏ గొడవా లేదు. ఐదు నిమిషాలకోసారి అంకె మారుద్ది, ఈ రోజు ఎన్ని యూనిట్లు, మొత్తం ఎన్ని, అన్నీ కనిపిస్తాయి. ఫోన్‌లో చూసుకుంటే చాలు అనుకునేవాళ్లకి ఇది సరిపోద్ది, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

నా బాధ వేరు. నాకో చిన్న వెబ్‌సైట్ ఉంది, దాని మూలన "మా మేడ మీద ఇప్పుడు ఇన్ని వాట్లు" అని ఒక అంకె, కింద ఒక గ్రాఫ్ పెట్టాలని ఆశ. చూస్తే మన మేడ మీద పుట్టిన అంకె ముందు కంపెనీ సర్వర్‌కి పోయి, అక్కణ్నుంచి తిరిగి మన ఫోన్‌కి వస్తుంది. అక్కడ మనం తీసుకోవాలంటే ఏపీఐ కీ, అంటే వాళ్ల సర్వర్‌లోంచి మన ప్రోగ్రాం డేటా తీసుకోడానికి ఇచ్చే తాళంచెవి లాంటి కోడ్, కావాలి. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే డీలర్‌ని అడగమన్నారు, డీలర్‌కి ఫోన్ చేస్తే "యాప్ ఉంది కద సార్, ఇంకెందుకు" అన్నాడు. మూడు వారాలు ఇదే ఆట. మధ్యలో ఓసారి సర్వర్ రెండు రోజులు పడుకుంది, స్టిక్‌లో ఏమీ దాచుకోలేదు, ఆ రెండు రోజుల గ్రాఫ్ ఇప్పటికీ ఖాళీయే. మన డేటా మన దగ్గర లేకపోవడం అంటే ఏటో అప్పుడు తెలిసింది.

అప్పుడు ఇన్వర్టర్ మాన్యువల్ తిరగేసేను. ఆర్‌ఎస్485 పోర్ట్ ఉంది, అంటే వేరే పరికరం తగిలించి అంకెలు చదువుకునే చోటు, ఏ, బీ అని రెండు వైర్లు, మాట్లాడేది మోడ్‌బస్ అనే భాష. ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్ బోర్డు ఒకటి, దాన్ని ఆ వైర్లకి కలిపే ఒక ఆర్‌ఎస్485 మాడ్యూల్, రెండూ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఏడు వందల లోపే అయ్యింది. మొదటి సాయంత్రం ఏ, బీ వైర్లు తిరగేసి పెట్టి బోర్డు పాడైందేమో అని తల పట్టుకున్నా. రెండో రోజు రీడింగ్ వచ్చింది, మా 3 కిలోవాట్ల ప్లాంట్ ఏకంగా 21 కిలోవాట్లు ఇస్తందని! పదితో భాగించాలని మాన్యువల్‌లో చిన్నక్షరాల్లో ఉంది. అది సరిచేసి వెబ్‌సైట్‌లో పెట్టేనా, సూర్యుడు రాత్రి పన్నెండున్నరకే ఉదయించేసేడు. సర్వర్ టైమ్ యూటీసీ అనే అంతర్జాతీయ టైమ్, మనది దానికి ఐదున్నర గంటలు ముందు, కలపడం మర్చిపోయేను. అరసవల్లి ఊళ్లో ఉండి ఆయన్ని అర్ధరాత్రి లేపిన ఘనత నాదే.

ఇంకో తిరకాసు, చీకటి పడితే ఇన్వర్టర్ నిద్రపోద్ది, అడిగితే పలకదు, పేజీలో ఎర్రర్ వచ్చేస్తుంది. పలక్కపోతే యూనిట్ల ఆఖరి అంకె అలాగే ఉంచి వాట్లు సున్నా చూపించమని రాసేను. ఇంటి నెట్‌కి పబ్లిక్ ఐపీ, అంటే బయట నుంచి చేరుకునే చిరునామా, లేదు కాబట్టి బయటివాళ్లు మన బోర్డుని చూడలేరు, బోర్డే ఐదు నిమిషాలకోసారి నా వెబ్‌సైట్ ఉండే హోస్టింగ్‌లోకి చిన్న ఫైల్ తోసేస్తుంది, పేజీ ఆ ఫైల్ చదువుకుంటుంది. అదే అంకె సోలార్ లెక్కలు పెట్టుకునే పీవీఅవుట్‌పుట్ సైట్‌కి కూడా పంపిస్తన్నా, అది ఫ్రీ, గంటకి 60 రిక్వెస్టుల వరకు ఒప్పుకుంటుంది, మనకి గంటకి పన్నెండే. కోడ్ రానివాళ్లయితే అక్కడ పేజీ తెరిచి దాని లింకే తమ సైట్‌లో పెట్టుకుంటే చాలు.

ఒక్కటి జాగ్రత్త, ప్యానెళ్ల నుంచి దిగే డీసీ వైర్ల జోలికి పోకండి, ఎండ ఉన్నంతసేపూ వాటిల్లో వోల్టేజ్ ఉంటది, ఇన్వర్టర్ ఆపేసినా సరే. ఆర్‌ఎస్485లో చెయ్యి పెట్టేముందు వారంటీ సంగతి కూడా కనుక్కోండి.

ఇంత కష్టపడి ఏం సాధించేవు అంటారా, గ్రాఫ్ చాలా కబుర్లు చెప్పింది. హైదరాబాద్‌లో మా బావకీ సోలార్ ఉంది, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెడితే మా గ్రాఫ్‌లో కొండలా లేచే గీత ఇరవై నిమిషాలు ముందుకి జరిగి ఉంటుంది, మేం తూర్పున ఉన్నాం కదా. ఎండ మండే మే నెలలో ఎక్కువొస్తుందనుకున్నా, మార్చి మధ్యాహ్నాల్లో వచ్చినంత ఎప్పుడూ రాలేదు. ప్యానెల్ వేడెక్కితే ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోద్ది. కరెంటు పోయినప్పుడల్లా గ్రాఫ్‌లో గొయ్యి, మాది బ్యాటరీ లేనిది, లైన్ పోతే ఇన్వర్టరూ ఆగిపోవాల్సిందే, లేకపోతే తీగ మీద పనిచేసే లైన్‌మ్యాన్ ప్రాణానికి ముప్పు.

డిసెంబర్లో మాత్రం కరెంటు ఉన్నా రోజూ మూడింటికి గ్రాఫ్‌ని ఎవరో కొరికినట్టు కనిపించింది. మేడెక్కి చూస్తే పక్కింటి కొబ్బరిచెట్టు నీడ. చలికాలం సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు కదా, ఆ నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా అన్నీ ఒకే వరసలో కలిపినవి కాబట్టి దెబ్బ గట్టిగానే తగిలింది. పక్కింటి మావయ్యకి ఫోన్‌లో చూపించేను. "నీ గీత కోసం నా చెట్టుకి మట్టలు కొట్టమంటావేటి అల్లుడూ" అని నవ్వేడు గానీ తర్వాతి వారం మూడు మట్టలు కొట్టించేడు. కొరుకు పూడింది.

వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లకి ఇంకో మాట, ఉత్పత్తి చూపించండి, వాడకం మాత్రం చూపించకండి. మొదట్లో సరదాగా ఇంటి వాడకం కూడా పెట్టేసేను, మా అక్క చూసి "ఒరే, మనం విజయనగరం పెళ్లికి పోయిన రెండు రోజులూ ఇందులో ఫ్రిజ్ తప్ప ఏం లేదు, ఇల్లు ఖాళీ అని ఊరందరికీ బోర్డు పెట్టేవా" అంది. ఆ రాత్రే తీసేసేను, ఊరి పేరు ఉంచి వీధి పేరు కూడా పీకేసేను.

స్టిక్‌కీ యాప్‌కీ ఐదుకి రెండున్నర. నేను కట్టుకున్న ఏడు వందల బోర్డుకి నాలుగున్నర, ఆ సగం ఎందుకు తగ్గించేనంటే దాన్ని పెట్టిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బల్లి కాపురం పెట్టింది. నాన్న ఇప్పుడు యాప్ తెరవట్లేదు, పొద్దున్న కాఫీ, సాయంత్రం టీ, రెండు పూట్లా నా పేజీయే. అక్షరాలు చిన్నగా ఉన్నాయంట, ఈ ఆదివారం పెంచాలి.