డ్రంకెన్ డ్రైవ్ కేసు: ఒప్పేసుకోవాలా, లాయర్‌ని పెట్టుకోవాలా?

హైదరాబాద్‌లో శనివారం రాత్రి పట్టుబడినవాళ్లకు స్నేహితులు ఇచ్చే సలహా దాదాపు ఒకటే: "ఇంట్లోవాళ్లను తీసుకుని కౌన్సెలింగ్‌కి వెళ్లు, కోర్టులో ఒప్పేసుకో, ఫైన్ కట్టేసి వచ్చేయ్." ఫీజు ఖర్చు లేదు, వాయిదాల టెన్షన్ లేదు. మొదటిసారి దొరికి, బ్రీత్ ఎనలైజర్ రీడింగ్ బాగా ఎక్కువగా ఉండి, ఎవరికీ దెబ్బ తగలకపోతే ఆ దారిని నేను తప్పుపట్టను.

కానీ ఒప్పుకున్నారంటే శిక్ష పడ్డట్టే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000. పైగా అమెరికా వీసా ఫారంలో అరెస్టులు, శిక్షల గురించి సూటిగా అడుగుతారు. ఫైన్‌తో పోయిందనుకున్నది అక్కడ మళ్లీ ఎదురొస్తుంది.

మరి లాయర్ ఏం చేస్తారు? తాగినవాణ్ణి తాగలేదని నిరూపించడం ఆయన పని కాదు. మంచి లాయర్ మొదట అడిగేది బ్రీత్ ఎనలైజర్ స్లిప్. 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. 140 చూపిస్తే వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. 34 చూపిస్తే మాత్రం ప్రతి చిన్న విషయమూ లెక్కలోకి వస్తుంది: మెషిన్‌కి కాలిబ్రేషన్ (కొలత సరిగా చూపిస్తోందో లేదో సరిచూడటం) ఎప్పుడు చేశారు, స్లిప్ మీది టైమూ చార్జిషీట్‌లోని టైమూ ఒకటేనా, ఊదడానికి కాస్త ముందే మౌత్‌వాష్ వాడారా? వాసన వచ్చిందన్న ఒక్క మాటతో తాగినట్టు రుజువైపోదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. బండి విషయానికొస్తే, తాగనివాళ్లు వచ్చి తీసుకెళ్తామంటే ఇచ్చేయాలని తెలంగాణ హైకోర్టు 2021లో పోలీసులకు చెప్పింది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

రీడింగ్ గట్టిగా ఉంటే ఆ లాయరే ఒప్పుకోమంటారు. అప్పుడు ఆయన మాట పనికొచ్చేది శిక్ష దగ్గర: ఇది మొదటి కేసని, ఇల్లు ఇతని సంపాదన మీదే నడుస్తోందని జడ్జికి చెప్పేవాళ్లు ఒకరుండాలి. క్యాబ్ నడిపేవాళ్లకు లైసెన్స్ ఆగిపోతే పొయ్యి ఆగిపోయినట్టే కదా.

నా మాట సూటిగా చెప్తాను. డ్రైవింగే బతుకుదెరువైనా, ఇది రెండో కేసైనా, ఎవరినైనా గుద్దినా లాయర్ లేకుండా కోర్టు మెట్లెక్కొద్దు. ప్రాణం పోతే కేసు 185తో ఆగదు. డబ్బుల్లేవని ఊరుకోవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. కోర్టు గేటు దగ్గర "లోపల మాట్లాడి సెట్ చేస్తా" అనేవాడి చేతిలో మాత్రం రూపాయి పెట్టొద్దు.

ఇంకో చిన్న పని. ఆ స్లిప్ మీది అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోవచ్చు. ఆ రాత్రే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.