నలభై రోజుల జెడ్4: విశాఖలో స్పోర్ట్స్ కారును రోజూ నడపగలమా?

మా బావగారు ఉద్యోగరీత్యా కొన్నేళ్లు విదేశంలో ఉండవలసి రావడంతో, తన బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ తాళాలు నా చేతికిచ్చి, "నలభై రోజులు నడిపి చూడవయ్యా, నచ్చితే నువ్వే ఉంచుకో, లేదంటే అమ్మకానికి పెడదాం" అన్నారు. నా పదేళ్ల సెడాన్‌ను మార్చవలసిన సమయం కూడా వచ్చింది. మాకు సెల్లార్‌లో ఉన్నది ఒక్క కారుకు సరిపడే చోటే కాబట్టి, కొంటే ఇదే ఆఫీసుకు వెళ్లాలి, ఇదే రైతుబజారుకు వెళ్లాలి, అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే ఇందులోనే తీసుకువెళ్లాలి. ఈ సమీక్ష ఆ ఒక్క కోణం నుంచి రాస్తున్నది. ఆదివారాల సరదాకు రెండో కారు కొనుక్కునేవారికి ఇందులోని చాలా ఇబ్బందులు అసలు తగలవు.

జీ29 అనే ఈ తరం జెడ్4 మన దేశానికి 2019లో వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, మాగ్నా స్టైర్ కర్మాగారంలో, టొయోటా సుప్రాతో పాటు ఒకే కప్పు కింద తయారైన బండి. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 340 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం), ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, శక్తి అంతా వెనుక చక్రాలకే. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి నాలుగున్నర సెకన్లలో చేరుతుంది. అయితే ఈ నలభై రోజుల్లో 340 అనే అంకె నాకు గుర్తుకు వచ్చిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 114 గుర్తుకు రాని రోజు మాత్రం లేదు. నేలకూ కారు పొట్టకూ మధ్య ఉన్న ఎడం 114 మిల్లీమీటర్లు.

ఇబ్బంది వస్తే ఇంజిన్ దగ్గరే వస్తుందని, ట్రాఫిక్‌లో వేడెక్కుతుందని, కుదుపులతో నడుస్తుందని నేను మొదట అనుకున్నాను. అది పూర్తిగా తప్పని మొదటి వారంలోనే తేలింది. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో, ఆఫీసు గాజువాక దాటాక. మద్దిలపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి, గురుద్వారా, తాటిచెట్లపాలెం, కంచరపాలెం మీదుగా ఎన్ఏడీ దాటి, విమానాశ్రయం, షీలానగర్ వైపు వెళ్లే ఈ దారిలో ఉదయం తొమ్మిదింటికి వాహనాలు ఎలా పాకుతాయో విశాఖవాసులకు చెప్పనక్కర లేదు. అంత నెమ్మదిలోనూ ఇంజిన్ ఏనాడూ విసుక్కోలేదు. ఇంజిన్ నిమిషానికి 1600 సార్లు తిరిగేసరికే పూర్తి టార్క్ అందుతుంది కాబట్టి యాక్సిలరేటర్‌ను ఇలా తాకితే చాలు, మామూలు ఆటోమేటిక్ సెడాన్‌లాగే ముందుకు జరుగుతుంది. అలవాటు కావడానికి సమయం పట్టినది ఎత్తు. మొత్తం కారు ఎత్తు 1,304 మిల్లీమీటర్లే కావడంతో, పోర్టు నుంచి వచ్చే కంటైనర్ లారీలు షీలానగర్ దగ్గర మన రోడ్డులో కలిసినప్పుడు, కిటికీలోంచి చూస్తే నా కంటికి ఎదురుగా కనిపించేది లారీ చక్రం మధ్యలోని బోల్టులు. లారీ డ్రైవరుకు నేను కనిపిస్తున్నానో లేదో అన్న అనుమానం చివరి రోజు వరకూ పోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా అపార్టుమెంటు పాతది. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు కట్టినవారి దృష్టిలో కారంటే అంబాసిడరో మారుతీయో అయి ఉండాలి. మొదటి రోజు రాత్రి గట్టు దాటుతుండగా కింద నుంచి గర్రుమని ఒక శబ్దం వచ్చి, వాచ్‌మన్ "ఆగండాగండి బాబూ, కింద తగులుతోంది" అని పరుగెత్తుకు వచ్చాడు. మర్నాడు టేపు తెచ్చి కొలిచాను. మూడున్నర మీటర్ల నిడివిలో 72 సెంటీమీటర్లు దిగుతోంది. కోణంగా చెప్పుకుంటే సుమారు 11.6 డిగ్రీలు. జెడ్4 ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 2,470 మిల్లీమీటర్లు. దానికి 114 మిల్లీమీటర్ల ఎడాన్ని జోడించి లెక్క కడితే, చదును నేల నుంచి వాలులోకి మళ్లే గట్టును ఈ కారు పొట్ట తగలకుండా దాటగల కోణం పదిన్నర డిగ్రీలు. అదీ బండి ఖాళీగా ఉన్నప్పటి మాట. ఇద్దరు కూర్చుని, డిక్కీలో సామాను ఉంటే ఇంకా తగ్గుతుంది. మిగిలిన ఒక్క డిగ్రీ కోసం రెండు మందపాటి చెక్కపలకలు కోయించి, ముందు చక్రాలు దిగే చోట వేసి, కారు లోపలికి వెళ్లాక తీసి గోడకు ఆనించడం మా దినచర్య అయింది. రాత్రి పదింటికి ఇంటికి చేరి, నిద్రపోతున్న వాచ్‌మన్‌ను పలకల కోసం లేపవలసి వచ్చినప్పుడల్లా, ఈ కారు నాది కాకపోవడమే మేలనిపించేది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి ఇంకొంచెం ఆసక్తికరం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధమున్న వంపులో ఉండాలి. పది సెంటీమీటర్లు అనగానే పదకొండు సెంటీమీటర్ల ఎడమున్న కారుకు ప్రాణం గిలగిలలాడుతుంది కానీ, వెడల్పు అంత ఎక్కువ కావడం వల్ల నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీదికి ఎక్కుతాయి. చక్రాల మధ్యకు పొడుచుకు వచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లే. అంటే నియమం ప్రకారం కట్టిన ప్రతి స్పీడ్ బ్రేకర్‌నూ జెడ్4 హాయిగా దాటుతుంది. కాలనీ వీధుల్లో ఎవరికి వారు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసుకున్న దిమ్మలే దీనికి శత్రువులు. మా వెనుక వీధిలోని ఒక దిమ్మను కొలిస్తే వెడల్పు 35 సెంటీమీటర్లు, ఎత్తు 14 వచ్చింది. కొలవడానికి ముందే దాని మీదుగా వెళ్లి ముందుభాగం కింద ఉండే ప్లాస్టిక్ కవచాన్ని చీల్చుకున్న ఘనత నాదే. అటు వెళ్లవద్దని బావగారు ముందే చెప్పారు. ఆ ముక్క తెప్పించడానికి ఒక వర్క్‌షాపు మూడు వారాల గడువు చెప్పి, అయిదో వారానికీ తెప్పించలేకపోయింది. అంతవరకు కవచాన్ని ప్లాస్టిక్ టైలతో కట్టి నడిపాను.

ఇంట్లోవారి అనుభవం క్లుప్తంగా చెబుతాను. సీట్లు రెండే, మా అమ్మాయిని బడికి దింపి వస్తుంటే దారిలో స్నేహితురాలిని కూడా ఎక్కించుకుందామనే మాట ఇక ఉండదు. మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఒక్కసారి ఎక్కి, దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, నా భుజం మరో చేత్తో పట్టుకుని లేచి, "ఇది కారా నాయనా, పీటా?" అంది. డిక్కీ 281 లీటర్లది. పైకప్పు తెరిచినా మూసినా అంతే ఉంటుంది. రైతుబజారు నుంచి వారానికి సరిపడే కూరగాయలూ ఒక బియ్యం బస్తా అందులో పట్టాయి. స్టెప్నీ మాత్రం లేదు.

పైకప్పు గుడ్డది. యాభై కిలోమీటర్ల వేగం వరకు నడుస్తూనే పది సెకన్లలో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. నలభై రోజుల్లో దాన్ని తెరిచినది తొమ్మిది సార్లు, అన్నీ తెల్లవారుజామునే. ఏడు దాటితే ఉక్కపోత, గాజువాక వైపు వెళ్తే దుమ్ము. సముద్రానికి దగ్గరగా ఉండేవారు ఉప్పుగాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. బీచ్ రోడ్డులో తిరిగిన ప్రతిసారీ మంచినీటితో అడుగుభాగం కడిగించాను.

ఖర్చు విషయంలో నాకు భయం వేసింది పెట్రోలు వల్ల కాదు. ట్రాఫిక్‌లో లీటరుకు ఏడు కిలోమీటర్లు ఇచ్చింది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పదిహేను, పదహారు వేలు అవుతుంది, ఇంతటి కారు కొనేవారు దానికి వెనుకాడరు. కానీ ముందు టైర్లు 255, వెనుకవి 275 సైజువి కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సమానం చేసుకునే వీలు లేదు, చిన్న ప్లాస్టిక్ ముక్కకైనా విదేశం నుంచి రావలసిందే.

ఇన్ని చెప్పాక, భీమిలి రోడ్డు మాట చెప్పకపోతే ఈ కారుకు అన్యాయం చేసినట్టే. ఒక ఆదివారం అయిదున్నరకు బయలుదేరి, రుషికొండ దాటి, తొట్లకొండ కింద నుంచి మంగమారిపేట వైపు, పైకప్పు తెరిచి, అరవై వేగంలోనే వెళ్లాను. ఎర్రమట్టి దిబ్బలు వచ్చేసరికి ఎండ పొడుచుకొస్తోంది. ఇంజిన్ శబ్దమూ అలల శబ్దమూ రెండూ వినిపిస్తున్నాయి. సింహాచలం ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ తిప్పినంతా తిరిగి, ఒక్క అంగుళం కూడా అదనంగా వెళ్లని ముందుభాగాన్ని చూశాక, వేగం గురించి గొప్పలు చెప్పేవారు ఈ కారును సరిగా నడపలేదేమో అనిపించింది. ఇలాంటి ఉదయాలు నలభై రోజుల్లో నాలుగు దొరికాయి.

బావగారికి వద్దనే చెప్పాను. నేల మట్టంలో పార్కింగ్ ఉన్న సొంత ఇల్లు, ఇంట్లో ఇంకో కారు ఉన్నవారు దీన్ని కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నా వంటివారికి మొదట తట్టేది అదే సంస్థ నాలుగు తలుపుల ఎం340ఐ. దానిలోనూ మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజినే, పైగా చెన్నైలో కూర్చిన బండి. కానీ దాని ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,851 మిల్లీమీటర్లు. అంత పొడవుతో మా గట్టు దాటాలంటే నేలకు 145 మిల్లీమీటర్ల ఎడం కావాలి. 2025లో 53 లక్షల ఎక్స్ షోరూం ధరకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి అయిదు తలుపులు, 265 హార్స్‌పవర్, 136 మిల్లీమీటర్ల ఎడం ఉన్నాయి. దాని కోణం లెక్క కడితే 11.8 వచ్చింది, అంటే మా ర్యాంపు కన్నా వెంట్రుకవాసి ఎక్కువ. నగరంలోనే ఆ కారున్న ఒకాయన వచ్చే ఆదివారం దాన్ని మా ఇంటికి తెస్తానన్నారు. పలకలు వెయ్యమంటారా అని వాచ్‌మన్ అడిగితే, ఆ రోజుకు వద్దన్నాను.