క్లిప్షా, వార్ఫ్‌డేలా? మా 12 బై 14 అడుగుల హాల్లో తేలిన లెక్క

ముందే చెప్పేస్తున్నా, పాటలు వినడానికి నేను తీసుకున్న స్పీకర్లు వార్ఫ్‌డేల్ డైమండ్ 12.3. క్లిప్ష్ ఆర్‌పీ-6000ఎఫ్ బాలేదని కాదు, అది వేరే రకం ఇంటికి పనికొచ్చే స్పీకర్. ఎలాంటి ఇంటికో కింద రాస్తా.

రెండూ సెకండ్ హ్యాండే. క్లిప్ష్ జత శ్రీకాకుళంలో మా బావది, ఇంకా పెద్దవి కొనాలని ఇవి అమ్మేస్తానన్నాడు. వార్ఫ్‌డేల్ ఇక్కడే విజయనగరంలో కంటోన్మెంట్‌లో ఉండే ఫ్రెండ్‌ది, వాడికి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయింది. వైజాగ్ వెళ్ళి షోరూంలో వినొచ్చు కదా అంటారేమో, అక్కడ గోడలకి ఫోము, కింద మందం కార్పెట్టు, మనింట్లో చూస్తే టైల్సు, ప్లాస్టరింగ్ గోడలు, నెత్తి మీద శ్లాబు, చప్పట్లు కొడితే మళ్ళీ మనకే వినపడతాయి. అక్కడ విన్న సౌండ్ ఇక్కడ రాదు. అందుకని రెండు జతలూ మా హాల్లోకే తెప్పించాను, అదే 60 వాట్ల పాత ఆంప్ (ఆంప్లిఫయర్), అదే వైరు, అదే కుర్చీ. ఒక్కోటీ మీటరు ఎత్తుంటాయి, క్లిప్ష్ అయితే 20 కేజీల పైనే, మెట్లు ఎక్కించినందుకు బావ ఇంకా సాధిస్తూనే ఉన్నాడు.

అసలు విషయం ఇక్కడుంది. సెన్సిటివిటీ అంటే ఒక్క వాట్ ఇస్తే స్పీకర్ ఎంత గట్టిగా మోగుద్దో చెప్పే లెక్క. క్లిప్ష్‌ది 97 డెసిబెల్స్ అని రాసుంటాది, వార్ఫ్‌డేల్‌ది 89. ఈ 8 తేడా చిన్నదేం కాదు, క్లిప్ష్ ఒక్క వాట్‌తో చేసే సౌండ్‌కి రెండోదానికి ఆరు వాట్లు పైన కావాలి. అంటే వాల్యూం నాబ్ కదపకుండా వైర్లు మార్చి వింటే క్లిప్ష్ ఒకేసారి గట్టిగా మోగుద్ది, గట్టిగా మోగిందే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తాది, సగం మంది అక్కడే డబ్బులు కట్టేస్తారు. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, కుర్చీ దగ్గర రెండూ ఒకే లెవెల్‌కి వచ్చేలా సెట్ చేసి అప్పుడు వినండి. ఇది చెయ్యకపోతే పోల్చినట్టే కాదు. ఇంకోటి, 89 ఉన్నదానికి భారీ ఆంప్ కావాలేమో అని భయపడక్కర్లేదు, మామూలు ఇంట్లో మామూలుగా వినే సౌండ్‌కి సగటున ఒక వాట్ దరిదాపుల్లోనే ఖర్చవుద్ది, మిగతాదంతా డప్పు దెబ్బ పడినప్పుడు అవసరమయ్యే స్టాకు.

లెవెల్ కలిపాక కూడా క్లిప్ష్ తీరు క్లిప్ష్‌దే. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం హోప్ అనే ఊళ్ళో 1946లో పాల్ క్లిప్ష్ పెట్టిన కంపెనీ, మొదట్నుంచీ హార్న్ (సౌండ్‌ని ముందుకి తోసే గరాటు లాంటి మూతి) మీదే నమ్మకం. ఇందులో కూడా సన్న స్వరాలు పలికే ఒక అంగుళం టైటానియం ట్వీటర్ ముందు హార్న్ ఉంటాది, కింద బేస్ పలికే ఆరున్నర అంగుళాల రాగి రంగు ఊఫర్లు రెండు. డోలు, నాదస్వరం రికార్డింగ్ పెడితే మన పైడితల్లి పండగ రోజు జనం మధ్యలో నిలబడ్డట్టే ఉంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య గాలి కూడా ఆగినట్టు. సినిమా చూస్తే ఇంక చెప్పక్కర్లేదు. మా బావ దానికే ఓటేశాడు.

కానీ నేను రోజూ వినేది ఏటి? సుశీల గారు, ఘంటసాల గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు. ముగ్గురికీ మా ఊరి సంగీత కళాశాలతో సంబంధం ఉంది, ఇద్దరు చదువుకున్నారు, నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేశారు, కాబట్టి ఈ పక్షపాతం నాకు ఉంటాది మరి. ఈ పాత మోనో రికార్డింగుల్లో టేపు బుస, ప్లేటు గరగర ఉంటాయి. క్లిప్ష్ వాటిని కూడా దాచకుండా ముందుకు తోసేస్తాది, సుశీల గారు ‘స’, ‘శ’ పలికిన చోటల్లా సూది మొన తగిలినట్టు, అది స్పీకర్ తప్పు కాదు, రికార్డింగులో ఉన్నదే. అరగంట బాగుంది, తర్వాత చెయ్యి రిమోట్ మీదకి పోయింది.

వార్ఫ్‌డేల్‌ది గుడ్డ డోమ్ ట్వీటర్, ఊఫర్లు అయిదంగుళాలవి రెండు. మొదటి పాటకి డల్‌గా ఉందనిపించింది. కాసేపటికి చెవి సర్దుకుని గొంతు స్పీకర్లో కాకుండా రెండింటి మధ్య గోడ దగ్గర నిలబడింది. వీణ పెట్టాక నిర్ణయం అయిపోయింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి చేసే వీణని ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళకి తెలుస్తాది, మీటగానే ముందు తీగ, ఆ వెనకే కుండ లోంచి చెక్క మోత. క్లిప్ష్‌లో తీగ బ్రహ్మాండం, చెక్క తక్కువ. వార్ఫ్‌డేల్‌లో తీగ కాస్త మెత్తన, చెక్క మాత్రం నిండుగా ఉంది. నాకు చెక్కే కావాలి.

బేస్ గురించి: గోడకీ గోడకీ 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతు బేస్ దగ్గర, గది తనంతట తానే గుమ్మంటాది, ఏ స్పీకర్ పెట్టినా తప్పదు. క్లిప్ష్‌కి పోర్ట్, అంటే బేస్ గాలి బయటికొచ్చే బొక్క, వెనకాల ఉంది, గోడకి ఆనిస్తే ఇంకా ఎక్కువ. పోర్ట్‌లో పాత సాక్సు చుట్టి కుక్కితే తగ్గింది గానీ, రెండడుగులు ముందుకి జరిపితేనే శుభ్రపడింది, అప్పుడు వంటింట్లోకి దారి లేదని మా ఆవిడ. వార్ఫ్‌డేల్ అడుగున్నర దగ్గరే ఒప్పుకుంది. ముందు ఒక జంపకానా పరిచి, వెనక కిటికీకి మందం కర్టెన్ వేశాక రెండు జతల సౌండూ ముందుకన్నా కొట్టొచ్చినట్టు మారింది, కొత్త వైర్ల మీద పెట్టే డబ్బు ముందు దీని మీద పెట్టండి.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్ళు ట్వీటర్ సొట్టపడిందేమో టార్చి వేసి చూడండి, ఊఫర్‌ని రెండు చేతులతో నెమ్మదిగా నొక్కితే గరగర రాకూడదు, ఒక్కో స్పీకర్‌నీ విడివిడిగా మోగించి ట్వీటరూ ఊఫర్లూ అన్నీ పలుకుతున్నాయా అని చెవి పెట్టి వినండి.

హాలు 15 బై 20 పైన ఉండి, సినిమాలు, కొత్త పాటలు, చిన్న ఆంప్ అయితే క్లిప్ష్ కళ్ళు మూసుకుని తీసుకోండి. మా బావది అడగొద్దు, ఇక్కడ విన్నాక అమ్మనని మళ్ళీ కారెక్కించి శ్రీకాకుళం పట్టుకుపోయాడు.