అడుగున జల్లెడ ఉన్న పండ్ల డబ్బా: మూడేళ్లు వాడాక

ఈ గాజు డబ్బాలో నాకు ప్రాణంలాంటిది అడుగున ఉండే జల్లెడ తట్ట. సైజు, క్లిప్పుల మూత చూడగానే తెలిసేవే కాబట్టి వాటి గురించి చెప్పను.

కోసిన ముక్క రసం వదులుతూనే ఉంటుంది. ఇదివరకటి డబ్బాలో రాత్రి కర్బూజ ముక్కలు పెడితే తెల్లారేసరికి పైవి బాగుండేవి, కిందివి తమ రసంలోనే నాని జారిపోయేవి. ఏరికోరి తెచ్చుకున్న సేంద్రియ పండు అలా చెత్తబుట్ట పాలవుతుంటే ఉసూరుమనిపించేది. ఈ తట్ట ముక్కల్ని వేలెడు ఎత్తున నిలబెడుతుంది, రసం కిందికి దిగిపోతుంది. సూక్ష్మజీవులకు ఆ తీపి నీళ్లే విందు. ముక్క వాటిలో నానకుండా ఉంటే చాలా తేడా వస్తుంది. మొదటివారం, రెండో రోజు పొద్దున, అట్టడుగు ముక్క తీసి కొరికితే పంటికి బిగువుగా తగిలింది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఆపిల్ విషయంలో మాత్రం తట్ట మీద ఆశ పెట్టుకోకండి. అది నల్లబడేది గాలి వల్ల. తెగిన కణాల్లోంచి బయటపడ్డ ఎంజైము ఆక్సిజన్ తగలగానే పని మొదలుపెడుతుంది, పైగా చిల్లుల్లోంచి కింద కూడా గాలి ఆడుతుంది. నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి, తడి ఓడ్చి పెడుతున్నాను. పులుపు ఆ ఎంజైమును మందగింపజేస్తుంది, నిమ్మలోని సి విటమిన్ ఉన్నంతసేపు రంగు నిలుస్తుంది. మర్నాటి మధ్యాహ్నానికి అంచులు మారడం మొదలవుతుంది.

రెండో ఏడు ఒక ఇబ్బంది వచ్చింది. ఏ పండు పెట్టినా మర్నాటికల్లా పులిసిన వాసన. ముక్క చూడ్డానికి బాగానే ఉంటుంది, నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. మందులు కొట్టని పండు కదా, త్వరగా పాడవుతోందేమో అనుకున్నాను. పండ్లిచ్చే రైతును అడిగాను, కోసి ఎన్నాళ్లయిందని నిలదీసినట్టే అడిగాను. కత్తి మార్చాను, పలక మార్చాను, డబ్బాను మరిగే నీళ్లతో కడిగాను. వాసన పోలేదు. చివరికి ఒకరోజు చెంచా కాడతో మూత గాడిలోని రబ్బరు పట్టీని పైకి లేపాను. దాని కింద చుట్టూతా నల్లటి జిగురు, బూజు. ఏడాదిన్నరగా ఆ పట్టీ ఊడుతుందనే నాకు తెలియదు. డబ్బాతో వచ్చిన కాగితంలో ఆ మాటే లేదు. రైతు దగ్గరకు మళ్లీ వెళ్లి, తప్పు పండుది కాదని చెప్పి వచ్చాను. అప్పట్నుంచి వారానికోసారి పట్టీ తీసి, సోడా ఉప్పుతో రుద్ది, పూర్తిగా ఆరాకే బిగిస్తున్నాను. వాసన మళ్లీ రాలేదు.

కొత్తలో తెలిసినవాళ్లందరికీ ‘నాలుగు రోజులు ఆగుతుంది’ అని చెప్పాను. ఆగడం నిజమే, అయితే చూపుకు బాగున్నదంతా తినదగ్గది కాదు. కర్బూజలో పులుపు తక్కువ, అందుకే సూక్ష్మజీవులు అందులో తేలిగ్గా పెరుగుతాయి. తొక్క మీద మట్టి ఉంటే కత్తితోపాటే లోపలికి వస్తుంది, సేంద్రియమైనా అంతే. అందుకే కోసే ముందే కాయను బ్రష్షుతో రుద్ది కడుగుతాను, రెండో రోజు దాటనివ్వను. దానిమ్మ గింజలు మాత్రం నాలుగు రోజులూ నిక్షేపంగా ఉన్నాయి. ఫ్రిజ్‌లో చోటు కూడా ముఖ్యం. థర్మామీటరు పెట్టి చూస్తే తలుపు అరలో 9 డిగ్రీలు, వెనక గోడ దగ్గర 4. నేను ముందు తలుపు అరలోనే పెట్టేదాన్ని.

మా ఇంట్లో ఇద్దరమే. పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి రాత్రే కోసుకుంటాం, ఒక కాయ రెండు రోజులొస్తుంది. మాకిది బాగా కుదిరింది. కోసిన పూటే తినేసే ఇంటికి దీని అవసరమే రాదు. ఈమధ్య రబ్బరు పట్టీ ఒకచోట సాగింది, పట్టీ విడిగా అమ్మరట. అది పూర్తిగా వదులైతే తట్ట మాత్రం ఉంచుకుని, దానికి సరిపోయే వేరే డబ్బా వెతుక్కుంటాను.