పాత కారుకు కోన్ ఫిల్టర్ కొనబోతున్నారా? నెల్లూరు, ప్రకాశం వాళ్లకు జాగ్రత్త

పాత మారుతి 800, జెన్, ఎస్టీమ్ బళ్లకు "పికప్ పెరుగుద్ది, మైలేజీ వస్తది" అని చెప్పి కోన్ ఎయిర్ ఫిల్టర్లు (కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి దాని బదులు బిగించే, గరాటు ఆకారంలో ఉండే ఫిల్టర్లు) అంటగడుతున్నారు. స్క్రూడ్రైవర్ ఉంటే ఇంట్లోనే అరగంటలో బిగించుకోవచ్చు, అంతవరకు నిజమే. కానీ మన రోడ్ల మీద తిరిగే బండికి మాత్రం దయచేసి కొనొద్దు. పోయేది ఫిల్టర్ డబ్బులు ఒక్కటే కాదు.

కంపెనీ ఫిల్టర్ డబ్బా ముక్కు బయటి గాలిని తీసుకునేలా పెట్టి ఉంటుంది. కోన్ మాత్రం బానెట్ కింద రేడియేటర్ సెగలోనే గాలి పీలుస్తుంది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 9 శాతం పలచబడుతుంది. రోహిణి కార్తెలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చెప్పక్కర్లేదు. డబ్బా తీసేయడంతో ఇంజను గుర్రుమంటుంది కాబట్టి బలం వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే.

అసలు దెబ్బ దుమ్ముది. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనక లేచే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఇనుము కంటే గట్టిది. చాలా చవక కోన్లలో స్పాంజి, పల్చటి జాలీ తప్ప ఏమీ ఉండదు. పైగా మూతి సైజు కుదరక సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లాంపు బిగిస్తారు. ఆ సందులోంచి దూరిన ధూళి నూనెతో కలిసి సాన పట్టినట్టు పిస్టన్ రింగులను, బోరును (పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడను) అరగదీస్తుంది. ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఫిల్టర్ ఊడదీసి, దాని తర్వాతి గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు సన్నటి మట్టి అంటి, వేళ్ల మధ్య గరగరలాడితే ఆ రోజే పాత డబ్బా పెట్టించండి.

ఎవరూ పట్టించుకోనిది బ్రీదర్ పైపు. ట్యాపెట్ కవర్ (ఇంజను పైమూత) నుంచి ఫిల్టర్ డబ్బాలోకి వచ్చే ఆ గొట్టానికి కోన్‌లో చోటుండదు. దానికి బోల్టు కొట్టి మూసేస్తే లోపలి ఆవిరి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు, ప్యాకింగులు కారతాయి. గాలికి వదిలేస్తే దుమ్ము నేరుగా ఇంజన్ ఆయిల్‌లో పడుతుంది. కార్బొరేటర్ బళ్లకు ఇంకో చిక్కు: గాలి దారి మార్చి జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం ముక్క) మార్చకపోతే గాలితో కలిసే పెట్రోలు వాటా తగ్గొచ్చు. ప్లగ్గు మొన సున్నంలా తెల్లబడటం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమనడం దానికి గుర్తులు.

ఇక పికప్ కోసమని గాలి గొట్టంలో పెట్టే 12 ఓల్టుల ఫ్యాను పచ్చి మోసం. 796 సీసీ ఇంజను 5,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి రెండు వేల లీటర్లదాకా గాలి లాగుతుంది. ఆ చిన్న ఫ్యాను దానికి ఒత్తిడి ఇవ్వలేదు సరికదా, అడ్డుగా నిలబడుతుంది. రెక్క విరిగితే పోయేది లోపలికే.

నిజంగా గాలి బాగా ఆడాలంటే అసలు పేపర్ ఫిల్టర్ వేసి, దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లు మాన్యువల్లో చెప్పినదానికంటే ముందే మార్చండి. కంప్రెసర్ గాలి కొడితే లోపలి నుంచి బయటికి, మెల్లగా కొట్టండి. దగ్గరగా గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది. డబ్బా మూత క్లిప్పులు, రబ్బరు బెల్లోస్ (ముడతల గాలి గొట్టం) మడతల్లో పగుళ్లు చూడండి. థ్రాటిల్ బాడీకి (ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగానికి) దానికోసం అమ్మే క్లీనర్ స్ప్రేనే వాడండి. ట్యాపెట్లు, టైమింగ్ సరిగా లేకపోతే అవి సరిచేయిస్తే తగ్గిన పికప్ కొంత తిరిగి రావచ్చు.

కోన్ బిగించిన సెకండ్ హ్యాండ్ బండి కొనబోతుంటే ఇంజను వేడెక్కాక, ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీయండి. పొగ బుస్సుబుస్సుమని తన్నుకొస్తే రింగులు అరిగినట్టే అనుకోండి. కంప్రెషన్ టెస్టు (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసే పరీక్ష) చేయించందే అడ్వాన్సు ఇవ్వొద్దు. పాత డబ్బా అడిగి తీసుకోండి. లేదంటే దాని ఖరీదు ధరలో తగ్గించమనండి.